హాలు నిండకముందు

మార్చి 1, శనివారం

మెక్సికో బాక్సర్ ఓల్గిన్ పోటీలున్న పెన్ డ్రైవ్ కనబడటం లేదు. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నది, ఇంకో కాపీ లేదు. బల్ల సొరుగులన్నీ నేల మీద బోర్లించాను. సిడ్నీ శివారు టూంగాబీలో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచీ పారేయని కరెంటు బిల్లులు దొరికాయి గానీ అది దొరకలేదు. అంతా అయ్యాక శేషు వంటింట్లోంచి తాపీగా చెప్పింది.

"అమృత తీసుకెళ్ళిందండీ. పోయినవారం బట్టల కోసం వచ్చినప్పుడు."

"నన్ను అడగకుండానా?"

"మీరు దానితో మాట్లాడితేగా అడగడానికి."

కక్ష. ఇంకేమీ కాదు. సంక్రాంతి వెళ్ళగానే అలిగి స్కోఫీల్డ్స్‌లో స్నేహితురాలి ఇంటికి మారిపోయింది. బట్టలు పట్టుకెళ్ళింది, ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళింది, ఇప్పుడు ఓల్గిన్ మీద నా పుస్తకం ఆగిపోవాలని ఇది. ఇరవై రెండేళ్ళ పిల్ల, యూనివర్సిటీలో ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం. చదువుకుంటున్నదని మేమనుకుంటున్న సాయంత్రాల్లో రెండేళ్ళుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నదట. నలభై ఎనిమిది కిలోల తరగతి. అది బాక్సింగ్ కాదు, తిండి మానడానికి ఒక సాకు అన్నాను. అన్నది అంతే.

నాకు బాధగా లేదు. కోపం కూడా లేదు. పెన్ డ్రైవ్ కావాలి, అంతే.


మార్చి 3, సోమవారం

అట్ట వెనక వేయడానికి నాలుగు వాక్యాలు పంపమన్నాడు విజయవాడ ప్రెస్సు అతను. ఆఫీసులో కూర్చుని రాశాను. మునిసిపల్ కౌన్సిల్లో వాననీటి కాలువల విభాగంలో మార్చి నెల కొంచెం తీరికే, వానలు పడకపోతే.

"నికాసియో ఓల్గిన్, మెక్సికో. నలభై తొమ్మిది కిలోల తరగతిలో ఏళ్ళ తరబడి ప్రపంచ చాంపియన్. ఊళ్ళోవాళ్ళు ముద్దుగా పిచ్చుక అనేవారు. ఆయన కన్నా బరువైనవాళ్ళకి స్టేడియాలు నిండాయి, టీవీలు వెంటపడ్డాయి. ఆయన అదే రాత్రి, అదే రింగులో, వాళ్ళకంటే గొప్పగా ఆడి, జనం వచ్చేసరికి స్నానం చేసి వెళ్ళిపోయేవాడు. రిటైరయ్యాక ఊళ్ళో పళ్ళరసం అమ్మాడు. పోయినప్పుడు ఒక పత్రిక రెండు లైన్లు వేసింది. ఈ పుస్తకం మూడో లైను."

ఆఖరి వాక్యం నాకే నచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను.

మాస్టర్స్‌కి వచ్చిన కొత్తలో, ఎవరో ఊరికే ఇచ్చిన టికెట్టు మీద, సిడ్నీలోనే ఆయన్ని చూశాను. జనం ఇంకా బీరు కోసం వరసలో ఉన్నారు. ఆయన పేరు పిలిచినవాడు తప్పు పిలిచాడు. రింగు దగ్గర ఎదురుగా కూర్చుని చూసింది నేనూ, కాళ్ళు నొప్పిగా ఉన్న ఒక ముసలాయనా. ఆ రోజు నుంచీ ఈ అన్యాయం నన్ను వదల్లేదు.

నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. కౌన్సిల్లో నా తర్వాత చేరినవాళ్ళు మేనేజర్లయ్యారు. ఈ రెంటికీ పుస్తకానికీ సంబంధం లేదు. ఇందులో నా సొంత విషయం ఏమీ లేదు.


మార్చి 9, ఆదివారం

తెలుగు సంఘం అధ్యక్షుడు ఉపేంద్ర ఇంటికి వచ్చాడు. ఇళ్ళ అమ్మకాల వ్యాపారం, స్కోఫీల్డ్స్‌లో సగం వీధుల్లో అతని నవ్వు బోర్డుల మీద ఉంటుంది. ఆవిష్కరణ సభ ఏప్రిల్ పన్నెండు శనివారం, మధ్యాహ్నం రెండింటికి ఖాయం చేశాం. ముఖ్య అతిథి డాక్టర్ జనార్దనరావు గారు. గుండె వైద్యంలో రిటైరయ్యారు, ముఖ్య అతిథిగా ఇంకా కాలేదు.

"అన్నా, బుక్కు మంచిగనే ఉంటది. కానీ గా మెక్సికో ఆయన మనోళ్ళకు ఎవ్వలకు ఎర్కలేడు. జర ఇండియా కనెక్షన్ ఏమన్న పెట్టరాదే?"

"ఆయనకి ఇండియాతో సంబంధం లేదు, ఉపేంద్రా."

"కనీసం ఇడ్లీ అన్న తినలేదా ఎప్పుడన్న?" అని నవ్వాడు. మళ్ళీ తనే, "పోనీ గట్ల జేద్దాం. మన తెలుగు పిల్లలల్ల ఎవరన్న బాక్సింగ్ జేసెటోళ్ళుంటే స్టేజి మీదికి పిలుద్దాం. గ్లవ్సు తొడిగి ఫొటో తీస్తే జబర్దస్తుంటది. ఎవరన్న ఉన్నరా నీ ఎర్కల?"

శేషు అప్పుడే కాఫీ తెచ్చి పెడుతోంది.

"మనవాళ్ళలో ఎవరున్నారు?" అన్నాను. "ఎవరూ లేరు."

ఇది అబద్ధం కాదు. సంఘం వేదిక అంటే ఒక స్థాయి ఉంటుంది. రేపు పెళ్ళి సంబంధం మాట వచ్చినప్పుడు ముక్కు మీద దెబ్బల ఫొటో ఫేస్‌బుక్కులో తిరిగితే ఎవరికి నష్టం? దాని మంచి కోసమే అన్నాను.


మార్చి 11, మంగళవారం

శేషు గిన్నెలు గట్టిగా కడుగుతోంది. మూడు రోజులుగా అవే గిన్నెలు.


మార్చి 16, ఆదివారం

రెండో అధ్యాయం ప్రూఫు చూశాను. దీని పేరు "ఖాళీ కుర్చీలు". పుస్తకానికంతటికీ ప్రాణం ఇదే. కొంత ఇక్కడ ఎత్తిరాసుకుంటున్నాను, ఎప్పుడైనా చూసుకుంటే ఉత్సాహంగా ఉంటుంది.

"బాక్సింగులో ఒక రివాజు ఉంది. తక్కువ బరువువాళ్ళ పోటీలు ముందు, ఎక్కువ బరువువాళ్ళవి చివర. కాబట్టి చిన్నవాడు ఎంత గొప్పవాడైనా, హాలు నిండకముందే అతని పని అయిపోతుంది. ప్రేక్షకుడా, నువ్వు ఆలస్యంగా వచ్చావు. నీ ఆలస్యమే అతని అనామకత్వం."

నాకు నేనే పైకి చదువుకున్నాను. శేషుని పిలిచి వినిపించాను. మొత్తం విన్నది. "బాగుందండీ. ఆ చివరి మాట బాగుంది," అని, మళ్ళీ "నిజమే," అంది. ఆ నిజమే అన్న మాటలో ఏదో ఉంది. అడగలేదు.


మార్చి 20, గురువారం

ఆఖరికి శేషు బయటపెట్టింది. అమృతకి రాష్ట్ర స్థాయి ఫైనలట. ఏప్రిల్ పన్నెండు, శనివారం. పెన్రిత్ దగ్గర ఏదో క్లబ్బు హాల్లో.

"అదే రోజు సభ," అన్నాను.

"తెలుసు. అందుకే చెప్తున్నాను."

"సభ మార్చడం కుదరదు. కార్డులు వాట్సాప్‌లో వెళ్ళిపోయాయి. జనార్దనరావు గారు మళ్ళీ దొరకరు."

"మార్చమని నేనన్నానా?"

ఇలాంటి చోటే ఇంజనీరు బుర్ర పనికొస్తుంది. కాగితం మీద వేసి చూశాను. సభ రెండింటికి మొదలు, నాలుగున్నరకి టిఫిన్లు. బాక్సింగు రాత్రి దాకా సాగుతుంది. నేను అయిదింటికి బయల్దేరితే ఆరింటికి అక్కడుంటాను. రెండూ జరుగుతాయి. ఎవరికీ లోటు లేదు. నేనేం కఠినుణ్ణి కాదు. కూతురు ఆడుతుంటే చూడని తండ్రిని కాదు. ఆ చేసేది నాకు ఇష్టం లేదు, అది వేరే సంగతి.

శేషు ఏదో అనబోయి, కరివేపాకు కోయడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.


మార్చి 30, ఆదివారం. ఉగాది

అమృత వచ్చింది. జనవరి తర్వాత ఎదురెదురుగా కూర్చోవడం ఇదే మొదలు. బుగ్గలు పీక్కుపోయాయి. శేషు పులిహోర, బొబ్బట్లు చేసింది. ఉగాది పచ్చడి నాలిక చివర పెట్టుకుని చెంచా దించేసింది.

"బొబ్బట్టు?"

"నో నాన్నా. వెయిట్ చూసుకోవాలి. ఆఫ్టర్ ద ఫైట్ తింటాను."

ఓల్గిన్ తూకానికి ముందు రోజుల్లో ఐసుముక్క చప్పరించి ఆకలి తీర్చుకునేవాడని నాలుగో అధ్యాయంలో రాశాను. ఎంతో తపస్సుగా రాశాను. ఇంట్లో చూస్తే అది తపస్సులా లేదు, ఒళ్ళు మండేలా ఉంది. పండగ పూట పిల్ల నీళ్ళు తాగుతూ కూర్చుంటే ఏ తండ్రికి ముద్ద దిగుతుంది? నాకు దిగింది, అది వేరే. మూడు బొబ్బట్లు తిన్నాను, కోపంతో.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగింది. "నువ్వు వస్తావా?"

"వస్తాను. పుస్తకం సభ అవగానే వచ్చేస్తాను."

"నాన్నా, బట్ మా బౌట్ టైము..."

"నాకు బాక్సింగ్ గురించి చెప్తావా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. "ముప్ఫై ఏళ్ళుగా అదే పని మీద ఉన్నాను. వస్తానన్నాను కదా."

రెండో చెప్పు వేసుకుంది. "ఓకే," అని కారెక్కింది.

పెన్ డ్రైవ్ అడగడం మర్చిపోయాను.


ఏప్రిల్ 4, శుక్రవారం

పుస్తకాలు వచ్చాయి. విజయవాడ నుంచి నాలుగు కుటుంబాల సూట్‌కేసుల్లో, పచ్చళ్ళ మధ్య సర్దుకుని వచ్చాయి. గోంగూర నూనె కారి పది కాపీలు పోయాయి, అది ముందే అనుకున్నదే.

కవరు చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పిచ్చుక పిడికిలి" అని పెద్ద అక్షరాలు. కింద నా పేరు. మధ్యలో ఒక మహాకాయుడు. మెడ లేదు, భుజాల మీద నేరుగా తల. నూట పది కిలోలకి తక్కువ ఉండడు. ఓల్గిన్ కాదు. ఓల్గిన్‌ని వీడి జేబులో వేసుకుని తిరగొచ్చు.

విజయవాడకి ఫోన్ చేశాను. ప్రెస్సు అతను ఏమాత్రం కంగారు పడలేదు.

"మీరు పంపిన ఫొటో చూశానండీ. మరీ పీలగా ఉన్నాడండీ బాబూ. కవరు నిండలేదు. బాక్సరంటే జనం ఒకటి అనుకుంటారు కదండీ? అందుకని మా కుర్రాడు మంచిది వెతికి పెట్టాడు. అద్దిరిపోయింది సార్."

బరువు చాలక ఒక మనిషిని ప్రపంచం పక్కన పెట్టిందని రెండు వందల పేజీలు రాశాను. బరువు చాలదని అతన్ని నా పుస్తకం కవరు మీంచే తీసేశారు. దీనికి నవ్వాలో ఏడవాలో తెలియక భోంచేశాను.

సభ వచ్చే వారం. మళ్ళీ అచ్చేయించే వ్యవధి లేదు. స్టిక్కర్ అంటిద్దామనుకున్నాను, బాగుండదు. ఆలోచిస్తే, ఓల్గిన్ మొహం ఎవరికి తెలుసు? ఎవరూ గమనించరు. కవరు ముఖ్యం కాదు, లోపలి విషయం ముఖ్యం.


ఏప్రిల్ 11, శుక్రవారం

శేషుకి రేపటికి తలనొప్పి వచ్చేలా ఉందట. ముందురోజే తెలిసే తలనొప్పి వినడం ఇదే మొదటిసారి. సభకి రాలేనంది. సరే, విశ్రాంతి తీసుకో అన్నాను.


ఏప్రిల్ 12, శనివారం

మొత్తం రాసేస్తాను, లేకపోతే పడుకోలేను.

రెండింటి సభ మూడుంబావుకి మొదలయింది. మన సభ. జ్యోతి వెలిగించబోతే అగ్గిపెట్టె లేదు. ఫైర్ అలారం మోగుతుందని హాలువాళ్ళు ఒప్పుకోలేదు కూడా, బ్యాటరీ దీపం పెట్టారు. చిన్నపిల్లలు ప్రార్థన పాడారు. మే నెలలో ఎన్నికలు కాబట్టి పోటీలో ఉన్న ఒకాయన వచ్చి, నమస్కారం అని, బిర్యానీ తనకి ఇష్టమని చెప్పి, చప్పట్లు తీసుకుని ఇంకో సభకి వెళ్ళిపోయాడు.

జనార్దనరావు గారు రిబ్బను విప్పారు. వేదిక మీద అందరం తలా ఒక పుస్తకం గుండెకి ఆనించి ఫొటోకి నిలబడ్డాం. వరసగా అంతమంది మహాకాయులు. హాల్లో ఒక్కరు కూడా ఏమీ అనలేదు. నేను చెప్పినట్టే అయింది.

ఆయన ప్రసంగం నలభై నిమిషాలు. తన తండ్రిగారు బాపట్లలో చేసిన వ్యాయామంతో మొదలుపెట్టారు. అక్కడి నుంచి తన మొదటి ఆపరేషనుకి, అక్కడి నుంచి తన మనవడి స్కాలర్‌షిప్‌కి వచ్చారు. చివర్లో పుస్తకం ఎత్తి కవరు వైపు చూసి, "ఆజానుబాహుడు, పర్వతసమానుడు అయిన ఈ మెక్సికో మల్లయోధుడి చరిత్ర తెలుగువారికి అందించిన ద్వారకానాథ్ ధన్యుడు," అన్నారు. "ఇటువంటి వీరులు మన జాతిలో ఎందుకు పుట్టరు అని నేను బాధపడుతున్నాను."

నేను తల ఊపాను. వేదిక మీద ఉన్నప్పుడు తల దానంతటదే ఊగుతుంది.

తర్వాత నాకు శాలువా కప్పారు. మెరూన్ రంగు, జరీ అంచు. ఉపేంద్ర దండ వేశాడు. "మన ద్వారకన్న జేసిన పని చిన్నది గాదు," అన్నాడు మైకులో. ఇన్నేళ్ళలో సంఘం నాకు చేసిన మొదటి సన్మానం. కళ్ళు చెమర్చాయి. ఓల్గిన్ కోసమే.

టైము చూసుకుంటే అయిదున్నర. టిఫిన్లు కూడా ముట్టకుండా కారెక్కాను. మోటర్‌వే మీద యాక్సిడెంటు. దండ సీటు బెల్టుకి చిక్కుకుని పూలు రాలుతూనే ఉన్నాయి. దారంతా ఒక ఆలోచన వచ్చింది, అది మంచి ఆలోచనే. ఈ శాలువా తీసుకెళ్ళి, పిల్ల రింగు దిగగానే భుజాల మీద వేస్తే ఎలా ఉంటుంది? ఏమీ మాట్లాడక్కర్లేదు. అన్నీ సర్దుకుంటాయి. ఇలాంటివి మాటల కంటే శాలువాతో తొందరగా అవుతాయి.

క్లబ్బు దగ్గరికి ఏడింటికి చేరాను. తలుపు దగ్గర సంతకం పెట్టించుకునే ఆవిడ శాలువా చూసి చాలా బాగుందంది. లోపల హాలు కిటకిటలాడుతోంది. అరుపులు, బీరు వాసన. రింగులో ఇద్దరు ఏనుగుల్లాంటివాళ్ళు ఒకళ్ళని ఒకళ్ళు పట్టుకుని ఆయాసపడుతున్నారు. ఎక్కడా అమృత లేదు.

వెనక్కి వచ్చి ఆవిడని అడిగాను. అమ్మాయిలు, నలభై ఎనిమిది కిలోలు ఎన్నింటికి అని.

"అవి మధ్యాహ్నమే అయిపోయాయి, డార్లింగ్," అందావిడ జాలిగా. "చిన్నవాళ్ళని ముందు పెట్టేస్తాం కదా. బాక్సింగ్ చూడటం మీకిదే మొదటిసారా?"

అవునన్నాను. ఇంకేం చెప్పను? ముప్ఫై ఏళ్ళుగా అదే పని మీద ఉన్నానని చెప్పనా? కారు డిక్కీలో అయిదు కాపీలున్నాయి, రెండో అధ్యాయం తీసి ఆవిడకి చదివి వినిపించనా? ప్రేక్షకుడా, నువ్వు ఆలస్యంగా వచ్చావు.

కారులో చాలాసేపు కూర్చున్నాను. అబద్ధం రాయను, ఏడ్చాను. ఈసారి ఓల్గిన్ కోసం కాదు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో ఇద్దరూ ఉన్నారు. తలనొప్పి మనిషి పట్టుచీరలో ఉంది. అమృత ఎడమ కంటి కింద ఐసు మూట పెట్టుకుని, రెండో చేత్తో పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుని తింటోంది. గెలిచిందట. బల్ల మీద, ఉప్పు సీసా పక్కన, పతకం ఉంది.

"నేను ఏడింటికల్లా వచ్చాను," అన్నాను.

"మావి ఫస్ట్ పెడతారు, నాన్నా." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "యూ నో దట్. నువ్వే కదా ఎప్పుడూ చెప్తావు."

"నువ్వు టైము చెప్పాల్సింది."

ఈ మాట నేనే అన్నాను. అన్నానని రాసుకుంటున్నాను.

శేషు గరిటె సింకులో పడేసింది. అమృత నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. దానికి తెలుగు చదవడం రాదు. కవరు చూసి ఐసు మూట దించింది.

"ఇదెవరు?"

"ఓల్గిన్."

"నో. ఇది ఆయన కాదు."

అంతమంది పెద్దమనుషులు గుండెకి ఆనించుకున్న పుస్తకం. నలభై నిమిషాల ప్రసంగం. ఎవరికీ తెలియలేదు.

"నాన్నా, ఇది ఆయన కాదు," అని మళ్ళీ అంది, నన్ను ఎవరో మోసం చేశారన్నట్టు. "హౌ కుడ్ దే డూ దిస్? అమ్మా, ఓల్గిన్ ఇంతే ఉంటాడు." లేచి నిలబడి తన నెత్తి మీద చెయ్యి పెట్టి చూపించింది.

శాలువా ఇంకా నా మీదే ఉంది. తియ్యాలని తోచలేదు. దాని భుజాల మీద వేయాలనీ తోచలేదు.


ఏప్రిల్ 13, ఆదివారం

రాయడానికి ఏమీ లేదు.


ఏప్రిల్ 25, శుక్రవారం. ఆంజాక్ సైనిక స్మారక సెలవు

మిగిలిన పుస్తకాలు గరాజ్‌లో పెట్టాను. జనార్దనరావు గారు ఫోన్ చేసి పుస్తకం అద్భుతం అన్నారు, ఏ అధ్యాయం నచ్చిందంటే అన్నీ అన్నారు. ఉపేంద్ర ఇంకో రెండు కాపీలు తీసుకున్నాడు. కొత్త ఇల్లు కొన్నవాళ్ళకి పూలకుండీతో పాటు ఇస్తాడట. రాత్రి ఫోన్ చేశాడు.

"అన్నా, నీ బిడ్డనే చాంపియనంట కదా? మా ఆవిడ ఫేస్‌బుక్ల జూసింది. మొన్న అడిగితే ఎవ్వలు లేరన్నవ్?"

ఇంటర్నెట్ సరిగా వినిపించట్లేదని పెట్టేశాను. మామూలు ఫోనే అది.


మే 17, శనివారం

అమృత ఫోన్ చేస్తుంది, శేషుతో మాట్లాడుతుంది. జాతీయ పోటీలు జూలైలో, ఉత్తరపు కొసన డార్విన్‌లోనట. నేనేం అడగలేదు. స్పీకర్ పెట్టి మాట్లాడింది శేషు, ఫోను నా పక్కన పెట్టుకుని.


మే 29, గురువారం

డార్విన్‌లో జూలైలో ఎండాకాలంలా ఉంటుందట, వానలుండవు. ఊరికే చూశాను.


జూన్ 8, ఆదివారం

ఆఖరి అధ్యాయం మళ్ళీ చదివాను. దాని పేరు "వారసులు లేరు". ఓల్గిన్‌కి ఒక సొంత విద్య ఉండేది. ఎడమ భుజం దించుతాడు, ఎదుటివాడు దెబ్బ ఆ వైపు నుంచే వస్తుందని చేతులు అటు తిప్పుకుంటాడు, ఈయన అరడుగు పక్కకి జరిగి కుడి చేత్తో పక్కటెముకల కింద కొడతాడు. "ఆ అడుగు వేసేవాడు ఇవాళ ఈ భూమి మీద లేడు. అది ఆయనతోనే పోయింది," అని ముగించాను.

ఒకప్పుడు ఈ వాక్యాన్ని కూడా పైకి చదువుకునేవాణ్ణి. ఇవాళ చదవలేదు.


జూలై 4, శుక్రవారం. డార్విన్

వచ్చాను. శేషు ఒళ్ళో గుమ్మడికాయంత సంచీ పెట్టుకుని విమానంలో నిద్రపోయింది దారంతా. ఆమె రేపు నేరుగా అమృత బసకి వెళ్తుంది. నేను వస్తున్నట్టు చెప్పొద్దన్నాను. "ఎందుకు?" అంది. వస్తానని చెప్పి రాకపోవడం ఒకసారి అయింది కదా, ఈసారి చెప్పకుండా వస్తే సరిపోతుందని.

ఇంజనీరు బుర్ర.


జూలై 5, శనివారం. డార్విన్

తలుపులు తెరవకముందే వెళ్ళాను. కుర్చీలు ఇంకా వేస్తున్నారు. మొదటి వరసలో ఒకటి నేనే విప్పుకుని కూర్చున్నాను. టికెట్ల మనిషి వచ్చి, పెద్ద పోటీలు సాయంత్రం, ఇప్పుడు చిన్నవి, కావాలంటే సముద్రం చూసి రండి అన్నాడు. చిన్నవాటికే వచ్చానన్నాను.

మైకు పట్టుకున్నాయన కాగితం చూసుకుంటూ పేర్లు గొణుక్కుంటున్నాడు. అమ్రీటా, అంటున్నాడు. లేచి వెళ్ళాను. "అమృత," అన్నాను. "అమ్రుటా," అన్నాడు. "త," అన్నాను, నాలిక ఎక్కడ పెట్టాలో చూపించాను. మంచివాడు, విసుక్కోకుండా నాలుగుసార్లు అన్నాడు. ఆఖరిది దగ్గరగా వచ్చింది. మీరెవరన్నాడు. ఆ అమ్మాయి నాన్నని అన్నాను. ఇంగ్లీషులో ఈ మాట పైకి అని ఎన్నాళ్ళయిందో.

అది రింగులోకి వచ్చింది. హెడ్‌గార్డులోంచి ఒకసారి మొదటి వరస వైపు చూసింది. చూసినట్టు కనిపించనివ్వలేదు. నేనూ చెయ్యి ఊపలేదు.

మొదటి రౌండు భయంతోనే గడిచింది. ప్రతి దెబ్బా నాకే తగిలింది. ఎదుటి పిల్ల క్వీన్స్‌లాండ్ అమ్మాయి, చేతులు పొడుగు. ఇన్నేళ్ళుగా బాక్సింగ్ అంటే నాకు తెలుసనుకున్నాను. టీవీలో దెబ్బకి చప్పుడు వేరే. సొంత పిల్ల ఒంటి మీద పడే చప్పుడు వేరే.

రెండో రౌండు మధ్యలో అమృత ఎడమ భుజం దించింది. ఆ పిల్ల చేతులు అటు తిప్పుకుంది. అమృత అరడుగు పక్కకి జరిగింది.

నేను లేచి నిలబడిపోయాను. వెనక ఎవరో కూర్చోమన్నారు, కూర్చోలేదు. కుడి చెయ్యి పక్కటెముకల కింద పడింది. ఆ చప్పుడు కూడా నాకు తెలుసు. సిడ్నీలో ఖాళీ కుర్చీల మధ్య ఒకసారి విన్నాను.

ఓడిపోయింది. పాయింట్ల మీద. రిఫరీ పైకెత్తిన చెయ్యి క్వీన్స్‌లాండ్ అమ్మాయిది. నాకు రక్తం పొంగింది. అన్యాయం, మళ్ళీ అదే అన్యాయం, చిన్నవాళ్ళంటే ఎవరికీ లెక్క లేదు అనుకుంటూ జడ్జీల బల్ల వైపు నడిచాను. నా దగ్గర ఒక పుస్తకానికి సరిపడా వాదన ఉంది. తాళ్ళ పక్క నుంచి దిగుతూ అమృత నా చొక్కా పట్టుకుని ఆపింది.

"నాన్నా, డోంట్. ఆ అమ్మాయే బాగా ఆడింది. ఐ లాస్ట్. ఫెయిర్‌గానే."

ఇక నాకు చేయడానికి పని లేకుండా పోయింది. ఉద్యమం లేదు, ఊరికే ఒక పిల్లా దాని నాన్నా. శేషు వెనక కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎప్పుడొచ్చావు?" అంది అమృత, చేతికి చుట్టిన గుడ్డ విప్పుకుంటూ.

"కుర్చీలు వేయకముందు."

నవ్వబోయి పెదవి పగిలి ఉండటం వల్ల ఆపుకుంది. అడగాలని నిలబడి ఉన్నది ఇక అడిగేశాను. "ఆ అడుగు. భుజం దించి పక్కకి. అది పెన్ డ్రైవ్ చూసి నేర్చుకున్నావా?"

"లేదు. అది కరెక్ట్‌గా వస్తోందా లేదా అని చెక్ చేసుకోడానికి తీసుకెళ్ళాను." నా వైపు వింతగా చూసింది. "నువ్వే కదా నేర్పించావు. నాకు సిక్స్ ఇయర్స్ అప్పుడు. ఎవ్రీ సండే. సోఫా జరిపి, హాల్లో. నువ్వు ఓల్గిన్, నేను అవతలివాణ్ణి. తర్వాత ఛేంజ్. రిమెంబర్?"

గుర్తు రాలేదు. ఇప్పుడు హోటల్లో కూర్చుని రాస్తూ కూడా వెతుకుతున్నాను. రావడం లేదు. సోఫా గుర్తుంది, ఆకుపచ్చది. ఒక మనిషిని లోకమంతా మర్చిపోయిందని పుస్తకం రాసిన నాకు అది గుర్తు లేదు. అవునమ్మా, గుర్తుందని చెప్పాను. నమ్మలేదు. అయినా ఏమీ అనకుండా, ఆకలేస్తోంది నాన్నా అంది. బీచి దగ్గర బజారులో ముగ్గురం తిన్నాం. దాని ప్లేటు అయ్యాక నాది కూడా తినేసింది. ఇంత సంతోషంగా ఆకలితో నేనెప్పుడూ కూర్చోలేదు.

ఆఖరి అధ్యాయం తప్పు. గరాజ్‌లో ఉన్న కాపీలన్నిట్లోనూ తప్పు. కవరుతో పాటు అదీ మార్చాలి. పేరు ఇంకా తోచలేదు, మొదటి వాక్యం మాత్రం దొరికింది.

టూంగాబీలో మా హాలు చిన్నదే గానీ, ఆకుపచ్చ సోఫా గోడకి జరిపితే ఇద్దరికి సరిపడా చోటు ఉండేది.